తిరుపతిలో సర్వీసు నిబంధనల సలహా కేంద్రం: ఉద్యోగికీ, అధికారికీ పనికొచ్చే చోటు

తిరుపతి బాలాజీ కాలనీలో ఒక విశ్రాంత సూపరింటెండెంటు నడుపుతున్న సర్వీసు నిబంధనల సలహా కేంద్రానికి, ఛార్జి మెమో (ఆరోపణలు తెలిపి వివరణ కోరే నోటీసు) అందుకున్న నా సహోద్యోగి వెంట వెళ్లాను. కాగితం చేతికివ్వగానే ఆయన ఆరోపణల జోలికి పోకుండా, దాన్ని జారీ చేసిన అధికారికి ఆ అధికారం ఉందా, 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నిబంధనల్లోని 20వ నిబంధన కోరినట్టు సాక్షుల, పత్రాల జాబితాలు జతచేశారా అని చూశారు. సాక్షుల జాబితా లేదు. ముందు దాన్ని కోరుతూ ఒక లేఖ రాయించారు.

సస్పెన్షన్‌లో ఉన్నవారికి ఆయన ఇచ్చే సలహాయే ఈ కేంద్రానికి ప్రాణం. ఆ కాలంలో అర్ధవేతన సెలవు జీతానికి సమానమైన జీవనాధార భత్యం రావాలి. వేరే ఉద్యోగం చేయడం లేదని ఉద్యోగి ధ్రువపత్రం ఇవ్వాలి. ధ్రువపత్రం అందినా భత్యం బిల్లు పెట్టని కార్యాలయం ఒక కుటుంబాన్ని అప్పుల్లోకి నెట్టినట్టే, ఇది నన్ను చాలా బాధించే విషయం. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే కోలారు బంగారు గనుల్లో భద్రతాధికారిగా పనిచేసిన పాల్ ఆంథోనీ, భత్యం అందక విచారణకు హాజరు కాలేకపోతే, ఆయన లేకుండా జరిపిన ఆ విచారణ చెల్లదని సుప్రీంకోర్టు 1999లో తీర్పునిచ్చింది. అధికారి హోదాలో ఉన్నవారికీ ఈ రక్షణ ఎంత అవసరమో ఆ కేసు చెబుతుంది.

విచారణాధికారులుగా నియమితులైనవారూ ఇక్కడికి వస్తారు. ఒకే కేసులో ఇరుపక్షాలకూ సలహా ఇవ్వరని అడిగి తెలుసుకున్నాను. శిక్ష విధించే ముందు విచారణ నివేదిక ప్రతిని ఉద్యోగికి ఇవ్వాలని 1993లో కరుణాకర్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాటను ఆయన ప్రతి అధికారికీ గుర్తుచేస్తారు. ఆ ప్రతి ఇవ్వకపోతే నిజంగా తప్పు చేసినవారిపై తీసుకున్న చర్య కూడా కోర్టులో నిలవకపోవచ్చు. సమ్మె గురించి అడిగితే మాత్రం, అది ప్రాథమిక హక్కు కాదన్న 2003 నాటి సుప్రీంకోర్టు తీర్పు చెప్పి ముగించారు.

లోపాలు లేకపోలేదు. మెమోలకు ఇచ్చే వివరణలన్నీ ఇంగ్లీషులోనే తయారవుతున్నాయి. అటెండరు స్థాయి ఉద్యోగి తాను సంతకం పెట్టేదేమిటో చదువుకునేలా తెలుగు ప్రతి కూడా ఇవ్వాలి. రుసుము వివరాలు బోర్డు మీద లేవు, ముందే అడగండి. వెళ్లేటప్పుడు మెమో అందిన తేదీ రాసుకున్న ప్రతి, సర్వీసు రిజిస్టరు నకలు వెంట ఉండాలి. జవాబు గడువు దగ్గరపడేదాకా ఆగకండి.