ఆనీ డిఫ్రాంకో 'లివింగ్ ఇన్ క్లిప్': కుడిచేతి కోసం వినాల్సిన రికార్డు

గిటార్‌లో కార్డులన్నీ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) వచ్చి, ఎడమచేయి చకచకా తిరుగుతున్నా పాటకు ఊపు రావడం లేదంటే లోపం దాదాపు ఎప్పుడూ కుడిచేతిలోనే ఉంటుంది. అలాంటివాళ్లకు పాఠ్యపుస్తకంలా పనికొచ్చే రికార్డు 1997లో వచ్చిన 'లివింగ్ ఇన్ క్లిప్'. రెండు సీడీల లైవ్ ఆల్బమ్. గిటార్, గొంతు, పాటలు ఆనీ డిఫ్రాంకోవి. డ్రమ్స్ ఆండీ స్టొచాన్‌స్కీ, బేస్ సారా లీ. బ్యాండ్ అంతే, ముగ్గురే.

ఆనీది న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో. 1990 ప్రాంతంలో, ఇరవయ్యేళ్లకు అటూఇటూ వయసులో సొంత రికార్డు కంపెనీ (తర్వాత దాని పేరు 'రైచస్ బేబ్') పెట్టుకుని, కచేరీలు చేసిన చోటే క్యాసెట్లు అమ్ముకుంది. తర్వాత పెద్ద కంపెనీలు పిలిచినా వెళ్లలేదు. వాయించే పద్ధతిని ఎవరి అభిరుచికీ తగ్గట్టు మార్చుకోవలసిన అవసరం ఆమెకు లేకపోయింది, అది ఈ రికార్డులో ప్రతి పాటలోనూ వినిపిస్తుంది.

అసలు విషయం ఆమె కుడిచేయి. బొటనవేలితో లావు తీగలను మీటుతూనే, దాని పక్క భాగంతో వాటిని ఫ్రెట్‌బోర్డుకు (ఎడమచేతి వేళ్లు తీగలను నొక్కే పలక) కొడుతుంది. 'టక్' అన్న పొడి దెబ్బ వస్తుంది. ఆ దెబ్బల మధ్య ఖాళీల్లో మిగతా వేళ్లు సన్న తీగలను లాగుతాయి. మృదంగంలో ఎడమ మూత, కుడి మూత ఒకే మనిషి చేతుల్లో ఎలా మాట్లాడుకుంటాయో, ఇక్కడ ఒక్క చేతి వేళ్లే అలా మాట్లాడుకుంటాయి. 'గ్రావెల్' పాట మొదట్లో ఇది చాలా స్పష్టం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాటను వదిలేసి, ఆ 'టక్' ఎక్కడెక్కడ పడుతోందో మాత్రమే లెక్కపెడుతూ వినండి.

ఇంత గట్టిగా లాగితే మామూలు గోళ్లు ఉక్కు తీగల మీద విరిగిపోతాయి. అందుకే ఆమె అతికించుకునే గోళ్లు పెట్టి, వాటి చుట్టూ కరెంటు పనివాళ్లు వాడే నల్ల టేపు చుట్టుకుంటుంది. అనుకరించాలనుకునేవాళ్లు గోరు వేలి కొసను రెండు మూడు మిల్లీమీటర్లకు మించి దాటకుండా చూసుకోవాలి. పొడవైతే తీగ కింద ఇరుక్కుంటుంది. టేపు ఒకటిన్నర చుట్టు చాలు, వేలి మడత మీదికి రాకూడదు. బిగిస్తే పది నిమిషాల్లో వేలు తిమ్మిరెక్కుతుంది. తీసేటప్పుడు గోరును పీకకండి, అసలు గోరు పొర లేచిపోతుంది. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెల్లగా తీయాలి.

దెబ్బ నేర్చుకునేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు, కొట్టగానే చేయి పైకెత్తేయడం. చేయి లేస్తే తీగలు మోగి దెబ్బ పలచబడుతుంది. కొట్టి, అక్కడే ఆపాలి. మెట్రోనోమ్‌ను (లయ కోసం టిక్ టిక్ కొట్టే పరికరం) నిమిషానికి 60 మీద పెట్టి, నాలుగు లెక్కల్లో రెండోది, నాలుగోది మాత్రమే కొడుతూ ఒక వారం గడపండి. వేగం తర్వాత వస్తుంది.

శ్రుతి సంగతి కూడా చెప్పాలి. ఆమె మామూలు శ్రుతిలో ఉండిపోయే మనిషి కాదు, తీగలను పాటకో రకంగా దించుకుంటుంది. 12–53 లైట్ సెట్టుతో (అంకెలు అన్నిటికన్నా సన్న, లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) అన్నిటికన్నా లావైన ఆరో తీగను 'ఈ' (E) స్వరం నుంచి 'డీ'కి (D) దించితే ఇబ్బంది లేదు. 'సీ' (C) దాకా దించితే తీగ వదులై ఫ్రెట్ల (పలక మీది లోహపు మెట్ల) మీద బరబరమంటుంది, ఒక్క దెబ్బకు శ్రుతి పైకెగిరి మళ్లీ దిగుతుంది. అంత దించేవాళ్లు 13–56 సెట్టు వేసుకుని, గిటార్ మెడ వంపును బాగుచేసేవాళ్లకు ఒకసారి చూపించుకోవడం మంచిది.

రికార్డు శబ్దం అందరికీ నచ్చదు. గిటార్ శబ్దం ఎక్కువగా బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు) కింది పికప్ (తీగల కదలికను పట్టి ఆంప్లిఫైయర్‌కు పంపే పరికరం) నుంచి వచ్చినట్టుంది. చెక్క మోత తక్కువ, తీగ కొరుకుడు ఎక్కువ. ఆల్బమ్ పేరు కూడా ఆంప్లిఫైయర్ తట్టుకోగల హద్దు దాటి ఎర్రలైటు వెలిగే స్థితి గురించే. వేర్వేరు కచేరీల నుంచి ఏరినవి కాబట్టి పాటకూ పాటకూ హాలు మారినట్టు తెలిసిపోతుంది. మధ్యలో కబుర్లు ఎక్కువ. రెండోసారి వినేటప్పుడు వాటిని దాటేయాలనిపిస్తుంది. డ్రమ్స్ ఉండటం వల్ల కొన్నిచోట్ల ఆ దెబ్బ గిటార్‌దో డ్రమ్‌దో తేల్చుకోవడం కష్టం.

దానికి మందు ఆమె 1990 మొదటి ఆల్బమ్. అందులో మొదటి పాట 'బోత్ హ్యాండ్స్', ఉన్నది గొంతూ గిటారే. దాన్ని నాలుగైదుసార్లు విని, తర్వాత అదే పాటను 'లివింగ్ ఇన్ క్లిప్'లో బఫెలో ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి వాయించినది వినండి. అంతమంది వాద్యకారుల మధ్య కూడా పాటను నడిపేది ఆ గిటారే. ఈ రెండు సీడీల్లో నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది ఇదే.

ఒక జాగ్రత్త. ఇలా వాయించడం మణికట్టుకు భారం. 2005లో ఆనీయే స్నాయువుల వాపుతో నెలల తరబడి కచేరీలు ఆపుకోవలసి వచ్చింది. ఇరవై నిమిషాలకోసారి చేయి దించండి, నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయండి.

ఇంట్లో పిల్లలు, పెద్దలు ఉన్నప్పుడు స్పీకర్లో పెట్టేవాళ్లు 'అన్‌టచబుల్ ఫేస్' దాటేయండి, పల్లవిలోనే బూతు ఉంది. కొనేముందు రెండే పాటలు వినగలిగితే 'గ్రావెల్', '32 ఫ్లేవర్స్' వినండి. ఆ రెండూ పట్టకపోతే మిగతావీ పట్టవు.