నురుగు లోహమా, పీచు లోహమా: విమానపు రొద తగ్గించడానికి ఏది మేలు?

అనంతపురం, కర్నూలు కళాశాలల్లో మెకానికల్ ప్రాజెక్టుకు రంధ్రాల లోహాలను ఎంచుకునే విద్యార్థులు, ఏ పదార్థం ఏ ధ్వనిని ఎంత పీల్చుకుంటుందో చూపే పట్టికతో మొదలుపెడతారు. ఆ పట్టికలోని అంకెలన్నీ కొత్త ముక్కలవి. ఇంజిన్ ఫ్యాన్ గూటి లోపలి గోడకు వేసిన పొర ఏళ్ల తరబడి అదురుతుంది, నలుగుతుంది, దుమ్ము పట్టుతుంది కాబట్టి, దెబ్బ తిన్నాక ఏది ఎలా ఉంటుందన్న దాన్నిబట్టి ఎంచుకోవడమే సబబని నాకు తోస్తుంది.

నురుగు లోహం, పీచు లోహం రెండూ పని చేసే తీరు ఒకటే. ధ్వనితరంగంతో పాటు గాలి సన్నటి దారుల్లో ముందుకూ వెనక్కూ కదులుతూ గోడలను ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడిలో శక్తి వేడిగా మారుతుంది. గాలికి ఎదురయ్యే నిరోధం మరీ తక్కువైతే ఒరిపిడి చాలదు, మరీ ఎక్కువైతే తరంగం లోపలికి పోకుండా పైనుంచే వెనుదిరుగుతుంది. పదార్థం నలిగినప్పుడు మారిపోయేది ఈ నిరోధమే.

తెరిచిన గదులున్న, అంటే లోపలి బుడగల్లాంటి ఖాళీలు ఒకదానిలోకి ఒకటి తెరుచుకున్న నురుగు లోహం తేలిక, మందంగా పోతపోయవచ్చు. నాసా గ్లెన్ కేంద్రం విలియమ్స్ ఎఫ్‌జె44 అనే చిన్న జెట్ ఇంజిన్‌లో ఫ్యాన్ చుట్టూ దీన్ని అమర్చి పరీక్షించింది కూడా. అయితే సాంద్రత సగానికి తగ్గితే దృఢత్వం దాదాపు నాలుగో వంతుకు, బలం మూడో వంతు దాపుకు పడిపోతాయని నురుగు పదార్థాల మీద పరిశోధించిన గిబ్సన్, యాష్‌బీల సూత్రాలు చెబుతాయి. యూటీఎంలో (పదార్థాల బలం పరీక్షించే యంత్రంలో) పెట్టి నొక్కితే ఒత్తిడిని చూపే గీత మొదట నిటారుగా లేచి, తరువాత చాలా దూరం చదునుగా సాగి, చివరికి మళ్లీ లేస్తుంది. ఆ చదును భాగంలో ముక్క అంతా సమానంగా కుదించుకుపోదు. ఎక్కడో బలహీనంగా ఉన్న ఒక వరుస గదులు ముందు కూలి అడ్డంగా పట్టీ కడతాయి, దానికి పైనా కిందా ఉన్నవి చెక్కుచెదరకుండా నిలుస్తాయి. పై ముఖం చూసి లోపలి పట్టీని కనిపెట్టలేం. నాకు నురుగు మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. పరీక్షకు ముక్కలు కోసేటప్పుడూ జాగ్రత్త అవసరం: హాక్సా బ్లేడు అంచు గదుల కాడలను వంచి రంధ్రాలు మూసేస్తుంది కాబట్టి విద్యుత్ మెరుపులతో సన్నటి తీగ కోసే వైర్‌కట్ యంత్రంలోనే కోయించాలి.

పీచు లోహం సన్నటి స్టెయిన్‌లెస్ ఉక్కు పోగులను పరిచి, వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో కరగనీయకుండా, తగిలిన చోటల్లా అతుక్కునేలా చేసినది. చూడటానికి ఎండిన బీరపీచులా ఉంటుంది. ఉక్కు సాంద్రత అల్యూమినియానికి దాదాపు మూడు రెట్లు, కానీ కొద్ది మిల్లీమీటర్ల మందం చాలు. పోగులన్నీ పరుపుగా పడుకుని ఉండటం వల్ల మందం దిశలో పట్టు తక్కువ. అతుకులు విడిపోయినప్పుడు పొరలు లేచి అంచు పీచుపీచుగా రేగుతుంది. అది చేతికి తగులుతుంది, కంటికి కనబడుతుంది. తెగిన పోగు ఇంజిన్‌లోకి పోయే ప్రమాదం మాత్రం నిజమైనదే. దుమ్ము విషయంలోనూ పీచుదే ఓటమి: దీన్ని వడపోతకు కూడా వాడతారంటేనే తెలుస్తుంది. బేతంచెర్ల, తాడిపత్రి వైపు రాతిపొడి గాలి తెలిసినవారికి ఇంకా చెప్పనక్కరలేదు.

మూసిన గదుల అల్యూమినియం నురుగు వేరే కోవకు చెందుతుంది. రోలర్ల మధ్య నలిపి గది గోడలను చిట్లిస్తే తప్ప అది ధ్వనిని పెద్దగా పీల్చుకోదు, అంటే దానికి దెబ్బే గుణం. అదురుకు ఆ చిట్లు పెరుగుతూ పోతాయి గనుక దాన్ని నేల మీది ఇంజిన్ పరీక్ష గది గోడలకే ఒప్పుకుంటాను. కర్నూలు విమానాశ్రయమున్న ఓర్వకల్లులో దిగే ఏటీఆర్ అనే ప్రొపెల్లర్ విమానాల సంగతి అడిగేవారూ ఉంటారు. వాటి రొదలో పెద్ద పాలు బయట తిరిగే ప్రొపెల్లర్‌ది, దానికి ఈ గూటి పొరలు పనికిరావు.

గూటి గోడ వెనుక గాలి ఖాళీకి చోటుంటే, చిల్లుల రేకు మీద అతికిన ఉక్కు పీచునే ఎంచుకుంటాను. వెయ్యి హెర్ట్‌జ్ ధ్వనికి ఆ ఖాళీ పావు తరంగపు పొడవు, అంటే సుమారు 8.5 సెంటీమీటర్ల లోతు ఉండాలి. అంత చోటు లేక మందమంతా పదార్థంతోనే నింపవలసి వస్తే నురుగు తప్పదు. అప్పుడు ప్రతి మరమ్మతు వేళా పొర గుండా గాలి పంపి నిరోధం కొలిచి, బిగించిన నాటి విలువతో పోల్చి, తేడా ఉన్న పలకను కంటికి బాగానే కనిపించినా తీసేయాలి.