గ్రూపులోనే వీడియో కాలా, బయటి లింకా: ఏది మేలు?

అనంతపురంలో మాది డ్రిప్ సామాను షాపు. అమ్మడం, బిగించడం, రిపేర్లు అన్నీ చేస్తాం. ఏడుగురం ఉన్నాం. ఇద్దరం షాపులో ఉంటే, మిగతా ఐదుగురు రాయదుర్గం, కళ్యాణదుర్గం, గుంతకల్లు వైపు తోటల్లో తిరుగుతుంటారు. మాట్లాడుకోవడానికి ఎలిమెంట్ అనే, వాట్సాప్ లాంటి చాట్ యాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. సర్వర్ మాదే, బెంగళూరులో ఉద్యోగం చేసే మా అన్న కొడుకు పెట్టించాడు. తోటలో ఉన్న మనిషి వీడియోలో ఫిల్టర్ చూపిస్తే షాపులోంచే ఏం చేయాలో చెప్పొచ్చు కదా అని, వీడియో కాల్‌కు ఉన్న మూడు దారులూ వాడి చూశాం.

మొదటిది అందరికీ తెలిసిందే. జిట్సీ మీట్ అనే వీడియో కాల్ సైటులో కాల్ తెరిచి, లింకు పంపడం. 2023 ఆగస్టు నుంచి ఆ సైటులో కాల్ మొదలుపెట్టే మనిషి గూగుల్ లాంటి ఏదో ఒక ఖాతాతో లాగిన్ కావాలి. తర్వాత చేరేవాళ్ళకు ఆ బాధ లేదు, అందుకే రైతులకు ఇది సుఖం. మాకు మాత్రం చిరాకు తెప్పించింది. పొద్దున పంపిన లింకు సాయంత్రానికి యాభై మెసేజీల కింద పడిపోయేది. "ఏ లింకన్నా, నిన్నటిదా ఇవాళ్టిదా?" అని అడగని రోజు లేదు.

రెండోది గ్రూపులోనే జిట్సీ విడ్జెట్. విడ్జెట్ అంటే పెద్ద మాయేమీ కాదు, చాట్ పేజీలో ఇంకో వెబ్ పేజీకి తెరిచిన కిటికీ. దాన్నే ఐఫ్రేమ్ అంటారు. ఆ పేజీ చిరునామా మెసేజీలా కిందికి జారిపోదు, గోడకు కొట్టిన బోర్డులా గ్రూపు వివరాల్లోనే ఉంటుంది. చిరునామాలో మన పేరు పెట్టాల్సిన చోట ఖాళీ ఉంటుంది. తెరిచేటప్పుడు యాప్ దాన్ని నింపి పంపుతుంది కాబట్టి పేరు మళ్ళీ కొట్టే పని లేదు. కెమెరా, మైకు వాడుకోవడానికి చాట్ పేజీ ఒప్పుకుంటేనే లోపలి పేజీకి అవి అందుతాయి. చాట్‌లోని మెసేజీలు కూడా, మనం ఒప్పుకోనిదే, దానికి కనిపించవు.

దీని లాభం ఒకరోజు బాగా తెలిసొచ్చింది. రాయదుర్గం దగ్గర దానిమ్మ తోటలో చివరి వరసలకు నీళ్ళు పోవడం లేదన్నారు. మా పిల్లవాడు వీడియోలో శాండ్ ఫిల్టర్ గేజీలు చూపించాడు. నీళ్ళ ప్రెషర్ లోపలికి వచ్చేచోట 2 కిలోలు, బయటికి పోయేచోట 1. అరకిలో తేడా దాటితేనే ఫిల్టర్ పూడినట్టు లెక్క, ఇక్కడ కిలో ఉంది. "బ్యాక్‌వాష్ కొట్టప్పా" (నీళ్ళు వెనక్కి తిప్పి ఫిల్టర్ కడగమని) అంటూనే, పక్కనున్న చాట్‌లో ఆ తోట పాత బిల్లు వెతికి ఇసుక ఎప్పుడు మార్చామో చూసి చెప్పాను. కాల్ ఒకచోట, బిల్లు ఇంకోచోట ఉంటే అంత తొందరగా తెమిలేది కాదు.

అయితే ఒక మెలిక ఉంది. మా మెసేజీలకు ఉన్న తాళం, అంటే మధ్యలో సర్వర్ కూడా చదవలేకుండా చేసే ఎన్‌క్రిప్షన్, ఈ వీడియోకు లేదు. ఇద్దరే అయితే వీడియో ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా పోతుంది. ముగ్గురైతే జిట్సీ సర్వర్ మీదుగా పోవాల్సిందే. అది మంచికే, లేకపోతే ఏడుగురి కాల్‌లో ఒక్కొక్కరూ ఆరుగురికి విడివిడిగా వీడియో పంపాల్సి వచ్చేది, పల్లె సిగ్నల్‌కు అది మోయలేని బరువు. సర్వర్ ఉంటే ఒక్కసారి పంపితే చాలు, పంచే పని అదే చూసుకుంటుంది. కానీ మామూలుగా ఆ సర్వర్ దగ్గర వీడియో తాళం తెరుచుకుంటుంది. చివరిదాకా తాళం ఉండే ఏర్పాటు జిట్సీలో వేరే ఉంది, దాన్ని మనం ఆన్ చేసుకోవాలి.

మూడోది ఎలిమెంట్ కాల్. ఇది యాప్‌లోనే పుట్టిందనుకున్నాను. తీరా చూస్తే ఇదీ విడ్జెట్టే! కాకపోతే కాల్‌లో ఎవరున్నారన్నదీ, తాళంచెవులూ మా చాట్ సర్వర్ ద్వారానే నడుస్తాయి. వీడియో పంచే లైవ్‌కిట్ అనే సర్వర్ చేతికి తాళం వేసిన మూటే అందుతుంది, విప్పే వీలు దానికి లేదు. ఆ లైవ్‌కిట్‌ను మన సర్వర్‌తో పాటు మనమే పెట్టుకోవాలి. మా అన్న కొడుక్కి ఒక ఆదివారమంతా దానికే సరిపోయింది.

మాకు ఇదే కుదిరింది. అసలు కారణం తాళం కూడా కాదు. తోటల్లో తిరిగేవాళ్ళలో ముగ్గురు ఎలిమెంట్ ఎక్స్ అనే కొత్త యాప్ వేసుకున్నారు, అందులో జిట్సీ విడ్జెట్ పనిచేయదు. మేం షాపులో కాల్ పెట్టి ఎదురుచూస్తుంటే, "నాకు బటనే లేదు కదన్నా" అని గుంతకల్లు నుంచి మామూలు ఫోన్ వచ్చింది. సర్వర్ చూసుకునే మనిషి లేని షాపులు, అందరూ పాత యాప్‌లోనే ఉంటే, జిట్సీ విడ్జెట్‌తో సరిపెట్టుకోవచ్చు. డ్రిప్ గేజీలో దాచాల్సిన గుట్టేముంది! రైతులకు మాత్రం ఇప్పటికీ లింకే పంపుతాం, ఒక్క కాల్ కోసం వాళ్ళ చేత యాప్ వేయించడం న్యాయం కాదు.

కళ్యాణదుర్గం అవతల కొన్ని తోటల్లో సిగ్నల్ ఒక్క గీతే వస్తుంది. అక్కడ ఈ మూడింట్లో ఏదీ నడవదు. గేజీ ఫొటో తీసి గ్రూపులో పెట్టమంటాం, రోడ్డు మీదికి వచ్చాక అది మాకు చేరుతుంది.