మొరాయించిన స్లైడ్: పాలో డ్యూరో నుంచి ఎల్క్‌హార్ట్ దాకా మా ఫిఫ్త్ వీల్

టెక్సస్‌లోని పాలో డ్యూరో కాన్యన్‌లో ఆ రోజు పొద్దున పది గంటలకి మా పరిస్థితి ఇదీ. మధ్యాహ్నంలోపు క్యాంపు సైటు ఖాళీ చేయాలి, ట్రైలర్‌ని ట్రక్కుకి తగిలించేశాం, పిల్లలు సీట్లలో కూర్చుని బెల్టులు కూడా పెట్టేసుకున్నారు, హాలు స్లైడ్ మాత్రం బయటికి పొడుచుకుని అలాగే ఉంది. బటన్ ఎన్నిసార్లు నొక్కినా లోపల టక్‌మని ఒక చప్పుడు, అంతే. అమ్మ గడప మీద నిలబడి "ఇప్పుడేం చేద్దాం నాన్నా" అని ఐదు నిమిషాలకోసారి అడుగుతోంది.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఫిఫ్త్ వీల్ అంటే పికప్ ట్రక్కు వెనక తొట్టిలో బిగించిన హిచ్ మీదకి ముక్కు వాల్చి కూర్చునే ట్రైలర్. మాది 34 అడుగులు, పిల్లలకి వెనక బంకు బెడ్లు, ముందు ఎత్తు మీద మా బెడ్రూమ్, మధ్యలో హాలూ వంటిల్లూ. ఆగిన చోట హాలు గోడ మొత్తం సోఫాతో సహా మూడడుగులు బయటికి జరుగుతుంది, దాన్నే స్లైడ్ అంటారు. అది లోపలికి రాకపోతే బండి రోడ్డెక్కదు. బయటికి పోకపోతే ఇంట్లో మనిషి తిరగలేడు.

డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మార్చిలో కొన్నాం, అదీ మా ఊళ్ళో కాదు, నాలుగు గంటల దూరంలో ఉన్న డీలర్ దగ్గర, ఎందుకంటే అక్కడ ఆరువేల డాలర్లు తక్కువ. మా ఆవిడ అప్పుడే అడిగింది, రేపు రిపేరొస్తే నాలుగు గంటలు లాక్కెళ్తారా అని. కొత్త బండికి రిపేరేంటి అన్నాను. డెలివరీ రోజున ఒకబ్బాయి నలభై నిమిషాల్లో అంతా చూపించేసి సంతకాలు పెట్టించుకున్నాడు. ఆ రోజు సగం పూట కేటాయించి ప్రతి కుళాయీ తిప్పి, ప్రతి స్లైడూ మూడుసార్లు తీసి మూసి, ఏసీ గంటసేపు నడిపి చూసుకుని ఉంటే ఈ కథలో సగం ఉండేది కాదు.

జూన్‌లో మొదటి పెద్ద ట్రిప్పు. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, వాళ్ళకి కొలరాడో చూపిద్దామని. 287 హైవే మీద విచిటా ఫాల్స్, చైల్డ్రెస్ మీదుగా అమరిల్లో. మొదటి రాత్రి అక్కడ ఐ-40 హైవే పక్కన ఒక ప్రైవేటు ఆర్‌వీ పార్కులో, అంటే ఇలాంటి ఇళ్ళబండ్లు ఆగే చోట, దిగాం. ముందు నుంచి లోపలికి వెళ్ళి వెనక నుంచి బయటికి వచ్చే సైట్లు, రివర్స్ చేసే టెన్షన్ లేదు, 50 యాంప్ కరెంటు, బాత్రూములు శుభ్రం. రాత్రంతా ట్రక్కుల మోత మాత్రం చెవిలోనే. ఒక్క రాత్రికైతే పర్వాలేదు, రెండో రాత్రి ఉండకండి. మర్నాడు పొద్దున్నే కాడిలాక్ రాంచ్ కెళ్ళి, పొలంలో ముక్కులు పాతిపెట్టిన పాత కార్ల మీద పిల్లలు రంగు స్ప్రే కొట్టారు. నాన్న వాటిని చూసి మంచి బండ్లు పాడుచేశారని చాలాసేపు బాధపడ్డారు. ఆయన ఆర్టీసీ గ్యారేజీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి.

పాలో డ్యూరో అమరిల్లోకి పాతిక మైళ్ళే. చదునుగా ఉన్న నేల మధ్యలో హఠాత్తుగా ఎర్రటి లోయ విచ్చుకుంటుంది, గ్రాండ్ కాన్యన్ తర్వాత అమెరికాలో పెద్దది ఇదేనంటారు. కిందికి దిగే రోడ్డు 10 శాతం వాలు, ఫస్ట్ గేర్‌లో మెల్లిగా దిగితే భయం లేదు. స్టేట్ పార్కు సైట్లలో నీళ్ళు, కరెంటు ఉన్నాయి, పక్క సైటు వాళ్ళు మన మీద పడిపోయినట్టు ఉండదు, రాత్రి చుక్కలు ఇంత దగ్గరగా నేను టెక్సస్‌లో ఎక్కడా చూడలేదు. ఈ ట్రిప్పు మొత్తంలో ఉండటానికి మొదటి మార్కు దీనికే. జూన్‌లో పగలు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఎండ, లైట్‌హౌస్ ట్రెయిల్‌కి వెళ్ళేవాళ్ళు తెల్లారక ముందే బయల్దేరండి, రానూ పోనూ ఆరు మైళ్ళు దగ్గర ఉంటుంది.

ఇక స్లైడ్. సైటు దగ్గర ఫోన్‌కి ఒక్క గీత, అదీ ఉంటే ఉంటుంది. నాన్న ముందు బ్యాటరీ వోల్టేజి చూడమన్నారు, బాగానే ఉంది. పక్క సైటులో ఓక్లహోమా నుంచి వచ్చిన ఒక పెద్దాయన కాఫీ కప్పుతో మెల్లిగా నడుచుకుంటూ వచ్చి, కంట్రోలర్ పెట్టె ఎక్కడుందో అడిగి, మోడ్ బటన్ ఆరుసార్లు టకటకా నొక్కి ఏడోసారి వదలకుండా పట్టుకో అన్నాడు. గోడలోనే మోటార్లు ఇమిడి ఉండే రకం స్లైడ్లలో రెండు మోటార్లూ ఒకదానితో ఒకటి లయ తప్పితే ఇలా చేస్తారట. ఎడమ మోటారు లేచింది, కుడిది లేవలేదు. చివరికి మోటార్ల పట్టు వదిలించి అటు ఇద్దరం ఇటు ఇద్దరం భుజాలు పెట్టి నెట్టాం. కీచుమంటూ, అంగుళం అంగుళం, ఇరవై నిమిషాలు. సరిగ్గా పన్నెండుకి గేటు దాటాం.

ఇప్పుడు స్లైడ్ లోపలుంది, కానీ మళ్ళీ తీయడానికి లేదు. తీయకపోతే సోఫా వచ్చి ఫ్రిజ్ తలుపుకి అడ్డం పడుతుంది, అరచెయ్యి దూరేంత సందు తప్ప తెరుచుకోదు. అందులో అమ్మ రుబ్బి పెట్టిన ఇడ్లీ పిండి. పెద్దవాడి చేత గరిటె పెట్టించి ఆ సందులోంచి కొంచెం కొంచెంగా గిన్నెలోకి తీయించింది, రెండు పూటలకి సరిపడా. మిగతాది అక్కడే పొంగి ఫ్రిజ్ అడుగంతా పాకింది. ఆ వాసన ఆగస్టు దాకా పోలేదు.

అమరిల్లో తిరిగొచ్చి ఫోన్లు మొదలుపెట్టాను. వారంటీ అంటే ఒక కాగితం, ఒక ఫోన్ నంబరు అనుకున్నాను ఇన్నాళ్ళూ. కాదు. ట్రైలర్ కట్టిన కంపెనీ ఇచ్చేది ఏడాది, అదీ వాళ్ళు కట్టిన డబ్బాకి. ఫ్రిజ్, ఏసీ, వాటర్ హీటర్ ఎవరి కంపెనీ పూచీ వాళ్ళది. స్లైడ్ యంత్రం, జాకులు, చక్రాల్ని మోసే ఇరుసు, అంటే యాక్సిల్, వేరే వాళ్ళవి. టైర్లు టైర్ల కంపెనీవి. ట్రైలర్ వాళ్ళకి చేస్తే స్లైడ్ వాళ్ళకి చేయమన్నారు, స్లైడ్ వాళ్ళు డీలర్ ద్వారా రమ్మన్నారు, డీలర్ బండి తీసుకురమ్మన్నాడు, బండి ఉన్నది అమరిల్లోలో. మీరు కొంటే మొదటి రోజే ప్రతి సామాను మీదా ఉన్న సీరియల్ నంబరు స్టిక్కర్‌కి ఫోటో తీసిపెట్టుకోండి, కొన్ని స్టిక్కర్లు ఎక్కడ అతికిస్తారంటే వాటర్ హీటర్ విప్పితే తప్ప కనబడవు.

చివరికి ఒక మొబైల్ టెక్నీషియన్ దొరికాడు. పాతికేళ్ళ కుర్రాడు, టెక్సస్‌లోనే ఏథెన్స్ అనే ఊళ్ళో ఆర్‌వీ రిపేరు నేర్పే బడి ఉంది, అక్కడ చదువుకున్నాడట. గంటన్నర చూసి కుడి మోటారు కాలిపోయిందని తేల్చాడు, స్లైడ్ కదలకుండా లోపల్నుంచి చెక్కలు బిగించి ఇచ్చాడు, 310 డాలర్లు. పనికి నూటికి నూరు మార్కులు. ఆ డబ్బు మాత్రం నాకు వెనక్కి రాలేదు, ఎందుకంటే రిపేరుకి ముందే కంపెనీకి చెప్పి అనుమతి నంబరు తీసుకోవాలట, తీసుకోకుండా ఎవరి చేత చేయించినా పైసా ఇవ్వరు. మాన్యువల్‌లో రాసే ఉంది, నేనే చదవలేదు. పనివాడు తలుపు కొట్టేలోపు ఆ నంబరు మీ చేతిలో ఉండాలి, అదీ ఈమెయిల్‌లో.

ట్రిప్పు ఆపలేదు. రటోన్ పాస్ అనే కనుమ ఎక్కి కొలరాడోలోకి దిగాం, 7,834 అడుగులు, ట్రక్కు కొంచెం ఆయాసపడింది కానీ ఎక్కేసింది. ట్రినిడాడ్‌లో డీజిల్ కొట్టిస్తుంటే నాన్న అలవాటుగా ట్రైలర్ చుట్టూ తిరుగుతూ, వంగి, వెనక కుడి టైరు లోపలి వైపు చెయ్యి పెట్టి తడిమి నన్ను పిలిచారు. "ఒరేయ్, బయట అంచు చూడకు, ఇక్కడ చెయ్యి పెట్టు." లోపలి అంచు గుండు. బయట చూస్తే కొత్త టైరే. "యాక్సిల్ వంకర. ఇది టైరు తప్పు కాదు" అన్నారు. నేను నెలకోసారి గాలి మాత్రమే చూస్తున్నాను అప్పటిదాకా.

స్పేరు టైరు వేసుకుని మెల్లిగా అలమోసా చేరాం. బండిలో తిరగడానికి చోటు లేదు కాబట్టి అమ్మానాన్నకి మోటెల్లో రూమ్ తీశాం, మామూలు మోటెల్, టిఫిన్ అట్టముక్కలా ఉన్న వాఫుల్, అయినా ఆ రెండు రాత్రులు స్వర్గంలా అనిపించింది. గ్రేట్ సాండ్ డ్యూన్స్ మాత్రం ఎవరు వెళ్ళినా నిరాశపడరు. మంచు కొండల కింద 700 అడుగులు దాటిన ఇసుక గుట్టలు, వాటి ముందు మెడానో క్రీక్ పాదాలు తడిసేంత లోతున పారుతోంది. జూన్ మొదట్లో వెళ్తేనే ఆ నీళ్ళు, తర్వాత తగ్గిపోతాయి. అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని గంటసేపు అందులోనే నడిచింది.

తిరుగు దారిలో నాన్న పోరు పెట్టి ట్రక్ స్టాపులో తూకం వేయించారు. లారీలకుండే క్యాట్ స్కేల్, ఇరవై డాలర్లు కూడా కాలేదు. ట్రైలర్ యాక్సిల్స్ మీద 10,340 పౌండ్లు, పరిమితి 12,000. ఆ చీటీ తర్వాత మాకు ఎంత పనికొచ్చిందో చెప్తాను.

ఇంటికొచ్చాక మా ఊరి డీలర్ల దగ్గరికి వెళ్తే అందరిదీ ఒకటే మాట, మా దగ్గర కొన్నవాళ్ళే మాకు ముందు, మీరు సెప్టెంబర్‌లో రండి. ఆరువేలు మిగిలాయని సంబరపడ్డ సంగతి మా ఆవిడ గుర్తుచేయలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. సరే అని నాలుగు గంటలు లాక్కెళ్ళి కొన్న చోటే వదిలాను. 71 రోజులు. మొదటి మూడు వారాలు చూడనే లేదు, తర్వాత ఫోటోలు పంపాం, అనుమతి రావాలి అన్నారు, తర్వాత మోటారు వచ్చింది గానీ ఎడమది పంపారు అన్నారు. మధ్యలో జూలైలో బుక్ చేసుకున్న గార్నర్ స్టేట్ పార్కు క్యాన్సిల్. నెల నెలా లోను, ఇన్సూరెన్సు మాత్రం ఒక్కరోజు ఆలస్యం లేకుండా కట్టాను. సర్వీస్ కౌంటర్లో ఉన్నావిడ మంచావిడే, ఫోన్ చేస్తే విసుక్కోదు, కానీ ఆవిడ చేతిలో ఏమీ లేదు. నాకు అర్థమైనంతలో వారంటీ పనికి కంపెనీ ఇచ్చే కూలి తక్కువ, అదీ ఆలస్యంగా వస్తుంది, కాబట్టి సొంత డబ్బు పెట్టి చేయించుకునేవాడి బండి ముందు లోపలికి వెళ్తుంది. ఫైనాన్స్ గదిలో నాకు అంటగట్టిన 3,800 డాలర్ల అదనపు సర్వీస్ కాంట్రాక్టు దేనికీ పనికిరాలేదు, కంపెనీ వారంటీ నడుస్తున్నన్నాళ్ళూ అది నిద్రపోతుంది.

ఆగస్టు చివర తెచ్చుకున్నాం. సెప్టెంబర్ మొదట్లో లేబర్ డే సెలవుకి ఇంటికి గంట దూరంలో ఒక సరస్సు పక్కన దిగి స్లైడ్ తీస్తే తెరుచుకుంది. మూసేటప్పుడు అదే టక్.

అప్పుడు నాకు పిచ్చెక్కి ట్రైలర్ కంపెనీకే నేరుగా రాశాను, మీ ఫ్యాక్టరీకే తెస్తాను చూడండి అని. ఒప్పుకున్నారు, అక్టోబర్‌లో డేటిచ్చారు. అమెరికా రోడ్ల మీద తిరిగే ఆర్‌వీల్లో చాలా భాగం ఇండియానాలో ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల ఊళ్ళలోనే తయారవుతాయి. మాకు వెయ్యి మైళ్ళు. ఓక్లహోమా, మిస్సోరి, ఇల్లినాయ్ మీదుగా మూడు రోజులు, ఒక రాత్రి వాల్‌మార్ట్ పార్కింగులో, మేనేజర్‌ని అడిగి. అన్ని వాల్‌మార్ట్‌లూ ఒప్పుకోవు, అడగడం మర్యాద కూడా.

ఫ్యాక్టరీ సర్వీసు వెనక స్థలంలో కరెంటు పాయింట్లతో ఎనిమిది సైట్లు, అద్దె లేదు. కంకర నేల, ఎదురుగా ఇనుప షెడ్డు, చూడ్డానికి ఏమీ లేదు, కానీ పొద్దున ఆరింటికి టెక్నీషియన్ వచ్చి తలుపు కొట్టాడు, చేతిలో నేను రాసిన జాబితా, పదకొండు ఐటమ్స్, ప్రతిదాని పక్కనా పెన్నుతో గుర్తు. అరగంటలో కుడి గోడ పట్టీ విప్పి నన్ను పిలిచి టార్చి వేసి చూపించాడు. పైనుంచి కొట్టిన ఒక స్క్రూ మొన గేరు పట్టీ పళ్ళ మీదకి గోరంత పొడుచుకుని ఉంది, ఆ చోట ఇత్తడిలా మెరిసే గీత. స్లైడ్ అక్కడికి వచ్చినప్పుడల్లా మోటారు దాన్ని ఈడ్చుకుంటూ పోతోంది. 71 రోజులు పెట్టుకుని మోటారు మార్చినవాళ్ళు ఈ పట్టీ విప్పనే లేదు. స్క్రూ కోసేశాడు, మోటారూ పట్టీ రెండూ కొత్తవి వేశాడు. మధ్యాహ్నం రెండున్నరకి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు, అక్కడ పని వేళలే అంత.

యాక్సిల్ కంపెనీ వాళ్ళ షాపు కూడా ఆ చుట్టుపక్కలే. వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న, ఎక్కువ బరువు వేశారా అని. ఫోన్లో ఉన్న తూకం చీటీ ఫోటో చూపించాను. అంతే, ఇంకో ప్రశ్న లేదు, యాక్సిల్ మార్చి అలైన్‌మెంటు చేసి పంపారు. అరిగిన రెండు టైర్లకి మాత్రం ఎవరూ ఇవ్వలేదు, యాక్సిల్ వాళ్ళు టైర్లు మావి కాదన్నారు, టైర్ల వాళ్ళు అలైన్‌మెంటు మాది కాదన్నారు, 380 డాలర్లు నా జేబులోంచే.

ఖాళీ దొరికిన సాయంత్రం షిప్షెవానా అనే ఊరి వైపు వెళ్ళాం. మొక్కజొన్న చేల మధ్య రోడ్డు మీద ఆమిష్ అనే క్రైస్తవ శాఖ వాళ్ళ నల్ల గుర్రబ్బండ్లు, వాటి వెనకే మన పికప్పులు ఓపిగ్గా. బండికి ఇంజనే వద్దనుకున్న ఆ మనుషుల్లో చాలామంది పగలు ఇక్కడి ఆర్‌వీ ఫ్యాక్టరీల్లోనే పనిచేస్తారు. మా స్లైడ్‌కి ఆ స్క్రూ కొట్టింది ఎవరో అని మా పెద్దవాడు ప్రతి బండిలోకీ తొంగి చూశాడు.

వారంటీ మార్చిలో అయిపోతుంది. పదకొండులో పది ఐటమ్స్ అయ్యాయి, బాత్రూము తలుపు గొళ్ళెం మళ్ళీ ఊడింది, అది నేనే బిగించుకున్నాను. నాన్న సెప్టెంబర్‌లోనే గుంటూరు వెళ్ళిపోయారు. ఐదొందల మైళ్ళకోసారి నాలుగు టైర్ల లోపలి అంచులు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమన్నారు. పోయిన వారం మూడే పంపితే నాలుగోది ఏదిరా అని అర్ధరాత్రి ఫోన్ చేశారు.