ఇంటి మీడియా సర్వరుకు ఎన్100 మినీ పీసీ

దాచుకున్న సినిమాలను, ఇంటి వీడియోలను టీవీకీ ఫోన్లకూ అందించే జెల్లీఫిన్ సర్వరు కోసం తక్కువ ఖర్చులో యంత్రం వెతుకుతున్నవారు ముందుగా ఇంటెల్ ఎన్100 ప్రాసెసరు ఉన్న మినీ పీసీని చూడాలని నా అభిప్రాయం. 2023లో వచ్చిన ఈ చిప్‌లో నాలుగు కోర్లే ఉన్నా, దాని అసలు బలం క్విక్ సింక్‌లో, అంటే చిప్‌లోని గ్రాఫిక్స్ భాగమే వీడియోను మార్చే సదుపాయంలో, ఉంది. టీవీ నేరుగా చదవలేని 4కే ఫైలును అప్పటికప్పుడు మార్చి పంపవలసి వచ్చినప్పుడు ఆ భారాన్ని గ్రాఫిక్స్ భాగమే మోస్తుంది కనుక ప్రాసెసరుపై పెద్దగా ఒత్తిడి ఉండదు. బ్లూరే నుంచి తీసిన సబ్‌టైటిళ్లు అక్షరాలు కావు, బొమ్మలు. చాలా టీవీల కోసం వాటిని దృశ్యంలోనే కలిపి పంపాలి, చవక యంత్రాలు చతికిలపడేది అక్కడే. రాస్ప్‌బెర్రీ పై 5 అనే చిన్న కంప్యూటరులో వీడియోను మార్చి పంపే హార్డ్‌వేర్ ఎన్‌కోడరే లేదు కాబట్టి ఈ పనికి దాన్ని నేను సిఫారసు చేయను.

జెల్లీఫిన్‌ను డాకర్‌లో (ప్రోగ్రామును కంటెయినర్ అనే విడి అరలో నడిపే సాధనం) నడిపేవారు గ్రాఫిక్స్ పరికరాన్ని ఆ కంటెయినర్‌కు తప్పక అప్పగించాలి, లేకుంటే పనంతా ప్రాసెసరు మీద పడి బొమ్మ ఆగి ఆగి వస్తుంది. ర్యామ్ 8 జీబీ చాలు.

లోపం నిల్వ దగ్గర ఉంది. ఇలాంటి చాలా పెట్టెల్లో 3.5 అంగుళాల డిస్కుకు చోటుండదు. యూఎస్‌బీ ద్వారా కలిపేటప్పుడు సొంత అడాప్టరున్న డిస్కు కేసునే తీసుకోవాలి. కరెంటు తరచూ పోయే ఊళ్లలోనైతే, ఆ డిస్కు కోసమైనా చిన్న యూపీఎస్ పెట్టడం అవసరం.