పాత అల్లాయ్స్ కొంటున్నారా? కంపెనీవా, బయటివా: విశాఖలో ఏది మేలు?

సెకండ్ హ్యాండ్ అల్లాయ్స్ (అల్యూమినియం మిశ్రమలోహపు కారు చక్రాలు) కోసం గాజువాక ఆటోనగర్ వైపు వెళ్లినా, ఫోన్‌లో వెతికినా దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి, కారుతోపాటు ఫ్యాక్టరీలోనే వచ్చిన సెట్టు. ఎవరో పెద్ద సైజు వేయించుకుని దాన్ని అమ్మేస్తారు. రెండోది, బయటి కంపెనీల డిజైన్ వీల్స్. ధరలో పెద్ద తేడా లేకపోతే మీ మోడల్‌కే చెందిన కంపెనీ సెట్టు తీసుకోండి. బయటివి చూడ్డానికి బాగుంటాయి గానీ, టైరు విప్పి చూపించనంటే బేరమే వద్దు.

కంపెనీ సెట్టుకి కొలతల గొడవ ఉండదు. బయటివాటికి అన్నీ కుదరాలి. మొదటిది పీసీడీ, అంటే నట్ల రంధ్రాల సంఖ్య, వాటి మధ్యల మీదుగా గీసిన వృత్తం వ్యాసం (మి.మీ.). స్విఫ్ట్, బాలెనో, ఐ20లకు అది 4×100. క్రెటా, బ్రెజాలకు 5×114.3. నాలుగు రంధ్రాలైతే ఎదురెదురు రంధ్రాల మధ్య నుంచి మధ్యకి కొలిస్తే చాలు. ఐదు రంధ్రాల్లో ఎదురెదురు ఉండవు కాబట్టి పక్కపక్క రెండింటి మధ్య దూరం కొలవాలి: 67.2 మి.మీ. వస్తే 114.3, 58.8 వస్తే 100.

ఎక్కువమంది పట్టించుకోనిది సెంటర్ బోర్, అంటే కారు హబ్ (వీల్ ఎక్కే ఉక్కు భాగం) దూరే నడిమి రంధ్రం. స్విఫ్ట్ హబ్ 54.1 మి.మీ., బయటి వీల్స్ చాలావాటి నడిమి రంధ్రం 73.1. ఆ సందు నింపే హబ్ రింగు లేకపోతే వీల్ సరిగ్గా మధ్యలో కూర్చోక, ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా 80 దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. అమ్మేవాడు రింగులు ఇవ్వకపోతే వాటి ఖర్చు బేరంలోంచి తీసేయండి. నట్లూ చూడాలి. మారుతికి 12×1.25 మర (మి.మీ.ల్లో బోల్టు మందం, మర గీతల మధ్య దూరం), హ్యుందాయ్, హోండాలకు 12×1.5. హోండా కంపెనీ నట్టు కూర్చునే చోటు గుండ్రం, బయటి వీల్స్‌లో అది గరాటులా వాలుగా ఉంటుంది. పాత నట్లే బిగిస్తే సన్నటి గీత మీదే ఆనుకుని, నడిచే కొద్దీ వదులవుతాయి.

అమ్మేవాళ్లు ముందువైపు పాలిష్ చేసి పెడతారు, అసలు కథ వెనకాలే. వీల్ బోర్లా వేసి స్పోకుల మొదళ్లు, లోపలి అంచు టార్చి వేసి చూడండి. గుంటల్లో ముందు వంగేది లోపలి అంచే, ఎందుకంటే అటువైపు స్పోకుల ఆసరా లేదు. లారీలు ఎక్కువగా తిరిగే షీలానగర్, గాజువాక రోడ్లమీద తిరిగిన కారువైతే మరీ జాగ్రత్త. అంచులో ఒకచోట మాత్రం కొత్త పెయింటు, దాని కింద చేతికి తగిలే చిన్న గట్టు ఉంటే అది వెల్డింగ్. పోతపోసిన వీల్‌ని వేడిచేసి గట్టిపరుస్తారు. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోయి, పక్కనే మళ్లీ పగులుతుంది. ఒకటి రెండు మి.మీ. వంపు తీయించుకోవచ్చు, పగులు మాత్రం ఎంత చౌకైనా వద్దు.

వెనకాలే గడియారం ముఖంలాంటి చిన్న గుండ్రటి ముద్ర ఉంటే చదవండి, పోతపోసిన నెల, సంవత్సరం తెలుస్తాయి. మూడు ఒకే సంవత్సరానివి, నాలుగోది వేరేదైతే ఒకటి ఎందుకు మార్చారో అడగండి. జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు (జపాన్ వీల్ ప్రమాణాల గుర్తులు), కేజీల్లో లోడు రేటింగు లేని బయటి వీల్స్ జోలికి వెళ్లొద్దు.

ఇక ఉప్పుగాలి. ఋషికొండ, భీమిలి వైపు సముద్రం ఎదురుగా నిలిపే కార్లకు డైమండ్ కట్ వీల్స్ కన్నా మామూలు పెయింటువే మేలు. డైమండ్ కట్‌లో లేత్ మీద చెక్కిన లోహంపై ఉండేది పలుచటి లక్కర్ పొర మాత్రమే. ఒక్క గీత పడితే దాని కింద తెల్లటి పురుగు పాకినట్టు చారలు పుట్టి పెరుగుతాయి. మళ్లీ చెక్కించుకోవచ్చు గానీ ప్రతిసారీ లోహం తరుగుతుంది. టైరు అంచు కూర్చునే చోట తెల్లపొడి ఉంటే వారానికోసారి గాలి దిగుతుంది, అక్కడ సబ్బునీళ్లు పోస్తే బుడగలు కనిపిస్తాయి.

డబ్బిచ్చే ముందు నాలుగింటినీ టైరు షాపులో బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించండి. అంచు పక్కన వేలు కదలకుండా పెట్టి చూస్తే ఊగుడు ఇట్టే తెలుస్తుంది. టైర్లతో కలిపి అమ్మితే, టైరు గోడ మీది చివరి నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. అంత పాత టైర్లకు పైసా ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

టైరు సైజు విషయంలో 185/65 ఆర్15 నుంచి 195/55 ఆర్16కి మారితే మొత్తం వ్యాసంలో తేడా ఒక మి.మీ. లోపే, నిశ్చింతగా వేసుకోవచ్చు. 205/45 ఆర్17కి వెళితే టైరు గోడ 120 మి.మీ. నుంచి 92కి పడిపోతుంది. గుంటల దెబ్బ నేరుగా రిమ్ముకే.

బిగించేటప్పుడు హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో రుద్ది తుప్పు దులపండి. మన గాలికి అల్యూమినియం ఉక్కుతో పట్టేసి, పంక్చరైన రోజు వీల్ ఊడిరాదు. స్టడ్‌లకు (నట్లు ఎక్కే బోల్టులకు) గ్రీజు పూయొద్దు. టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో) బిగించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి సరిచూడండి.