సాల్వెంటా, వాటర్ వాషా, లిక్విడా? గోదావరి జిల్లాల ఫ్లెక్సో ప్రెస్సులకి ఏ ప్లేటు మేలు

తణుకు, భీమవరం, మండపేట వైపు కొత్తగా ఫ్లెక్సో మిషను (అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండే మెత్తటి ప్లేటుని సిలిండర్‌కి చుట్టి అచ్చేసేది) పెట్టినవాళ్ల ధ్యాసంతా మొదట్లో ఇంకు మీదే ఉంటుంది. నాలుగు ఆర్డర్లు వచ్చాక తలనొప్పి ప్లేట్ల దగ్గరకి మారుతుంది. మిల్లువాళ్లు సాయంత్రం ఫోన్ చేసి బస్తా మీద బొమ్మ మార్చమంటారు. ప్లేటు హైదరాబాద్ నుంచి రావాలి. మిషను ఖాళీ. ఇక మనమే చేసుకుంటే పోలా అనిపిస్తుంది. చేసుకోవచ్చు, కానీ ఏ రకమన్నది ప్లేటు రేటు చూసి తేల్చుకోకండి. దేని మీద అచ్చేస్తారు, కడిగాక వచ్చే మడ్డి ఎక్కడికి పోతుంది, ముందు ఆ రెండూ చూడండి.

ఏ రకమైనా పనిచేసే తీరు ఒకటే. ప్లేటులోని పాలిమర్ మీద 365 నానోమీటర్ల దగ్గరి యూవీ వెలుతురు పడితే అది గట్టిపడుతుంది. అచ్చేయాల్సిన బొమ్మ ఉన్న నెగటివ్ ఫిల్ములో నల్లగా ఉన్నచోట వెలుతురు దిగదు కాబట్టి అక్కడ మెత్తగానే ఉండిపోతుంది. ఆ మెత్తటి భాగాన్ని దేనితో వదిలిస్తామన్న దగ్గరే తేడా అంతా.

సాల్వెంట్ ప్లేటు, అంటే రసాయన ద్రావకంతో కడిగేది, బాగా పాతకాపు. ఒకప్పుడు పెర్‌క్లోరోఎథిలీన్‌లో బ్యుటనాల్ కలిపి కడిగేవారు. అందులో మొదటిది మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో ఉంది, అందుకే చాలాచోట్ల వేరే సాల్వెంట్లకి మారారు. సన్నటి చుక్కలు, చిన్న అక్షరాలు చక్కగా నిలుస్తాయి, దానికి వంక పెట్టలేం. కానీ కడిగేటప్పుడు ప్లేటు సాల్వెంట్ తాగి ఉబ్బుతుంది. 60 డిగ్రీల ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఆరాలి. సున్నితమైన పనైతే రాత్రంతా పక్కన పెట్టాలి, లేకపోతే మందం సమంగా కుదరదు. పైగా వాసన, అగ్గి భయం, వాడిన సాల్వెంట్‌ని మరిగించి మళ్లీ శుభ్రం చేసే యంత్రం. లేబుళ్లు, పౌచ్‌లు వేసేవాళ్లకి తప్ప ఇంత తంతు దండగ. వాళ్లు కూడా లేజర్‌తో పైనున్న నల్ల పొరని కాల్చి, నెగటివ్ లేకుండానే చేసే డిజిటల్ ప్లేటు బయట కొనుక్కోవడమే నయం, ఎందుకంటే నెగటివ్ ఫిల్ము దొరకడం రోజురోజుకీ కష్టమవుతోంది.

వాటర్ వాష్ ప్లేటుకి గోరువెచ్చటి నీళ్లు, కాస్త డిటర్జెంటు, బ్రష్షు ఉంటే సరి. ఉబ్బు తక్కువ కాబట్టి త్వరగా ఆరుతుంది. పొద్దున నెగటివ్ వస్తే మధ్యాహ్నం భోజనాల లోపు ప్లేటు సిలిండర్ ఎక్కుతుంది. రొయ్యల అట్టపెట్టెలకీ, బియ్యం బస్తాలకీ ఈ నాణ్యత చాలు. అయితే మన ప్రాంతంలో నీళ్లే పేచీ. భీమవరం దిగువన చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి. కఠిన జలంలో డిటర్జెంటు సరిగా పనిచేయదు, కడిగిన పాలిమర్ తెట్టుకట్టి మళ్లీ అక్షరాల మధ్యనే అంటుకుంటుంది. ఎండాకాలం కాలువలు కట్టేసిన రోజుల్లో మంచినీళ్లకీ కటకటే. సాఫ్ట్‌నర్‌కో ఆర్వోకో డబ్బు పక్కన పెట్టుకోకుండా ఈ మిషను కొనొద్దు.

కడిగిన నీళ్లని మాత్రం డ్రెయిన్లోకి వదలకండి. పేరుకి నీళ్లే గానీ అందులో గట్టిపడని పాలిమర్, ఆక్రిలేట్ మోనోమర్లనే రసాయనాలు ఉంటాయి. వట్టి చేతులతో ముట్టుకుంటే కొందరికి చర్మం దద్దుర్లెక్కుతుంది. మనం వదిలిన చోటికి కాస్త దిగువనే ఎవరో ఒకరు చెరువులోకి నీళ్లు తోడుకుంటూ ఉంటారు. తొట్టిలో పేరనిచ్చి, వడగట్టి, మడ్డిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఈ ఖర్చు కొటేషన్లలో ఎవరూ రాయరు.

లిక్విడ్ ప్లేటు సంగతి వేరు. రేకులా రాదు, పాకంలా చిక్కటి రెజిన్‌గా డబ్బాల్లో వస్తుంది. అద్దం మీద నెగటివ్ పరిచి, పైన పల్చటి కవర్ ఫిల్ము వేసి, దాని మీద రెజిన్ పోసి కావలసిన మందానికి పరుస్తారు. కింద నుంచీ పై నుంచీ వెలుతురు ఇచ్చాక గట్టిపడని రెజిన్‌ని గీకి మళ్లీ డబ్బాలోకి తీసుకోవచ్చు. బస్తా మీద బ్రాండు పేరు, ఒక బొమ్మ, బరువు పోను మిగతాదంతా ఖాళీయే కదా, ఆ ఖాళీ మేరకి రెజిన్ వెనక్కి వస్తుంది. రోజూ బస్తాలే వేసే ప్రెస్సుకి ఇంతకంటే చవక లేదు. చిన్న అక్షరాల పదును మాత్రం రేకు ప్లేటంత రాదు, మందం కూడా పోసినవాడి చేతి నేర్పు మీద ఉంటుంది.

2022 జులై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. చాలా మిల్లులు 26 కిలోల బస్తాకి మారాయి. అలాంటప్పుడు ప్లేటంతా కొత్తగా చేయక్కర్లేదు, ఒక్క అంకెని బ్లేడుతో కోసి కొత్త ముక్క అతికిస్తే సరిపోతుంది. రేకు ప్లేటులో ముక్క మందం దానంతటదే కలుస్తుంది. లిక్విడ్‌లో ఈసారి పోసిన మందం పాతదానితో కలవకపోతే ఆ అంకె ఒక్కటే ముద్దగానో వెలిసిపోయినట్టో పడుతుంది.

వేడితో కరిగించి గుడ్డకి అద్దే థర్మల్ పద్ధతి కూడా ఉంది. ఆరబెట్టే పని లేదు, మిషను ఖరీదు మాత్రం మన సైజు ప్రెస్సులకి అందదు.

నన్నడిగితే అట్టపెట్టెలూ బస్తాలూ కలిపి వేసేవాళ్లు వాటర్ వాష్ పెట్టుకోవాలి. ఒట్టి బస్తాలే అయితే లిక్విడ్. పౌచ్‌ల ఆర్డరు ఎప్పుడో ఒకటి వస్తే దాని ప్లేటు బయట చేయించుకోండి.

ఏది పెట్టినా సాగుడు లెక్క తప్పదు, సిలిండర్‌కి చుట్టేసరికి ప్లేటు పైభాగం సాగుతుంది కాబట్టి. 2.84 మిల్లీమీటర్ల ప్లేటులో సాగని పాలియెస్టర్ అడుగు 0.18 అనుకుందాం. మిగిలిన 2.66ని 6.28తో (అంటే 2π) గుణిస్తే సాగుడు సుమారు 16.7 మిల్లీమీటర్లు. రిపీట్ (సిలిండర్ ఒక చుట్టులో పడే అచ్చు పొడవు) 600 మిల్లీమీటర్లు అయితే నెగటివ్‌ని సిలిండర్ చుట్టు దిశలో దాదాపు 2.8 శాతం కుదించి తీయాలి, లేకపోతే గుండ్రటి ముద్ర కోలగా పడుతుంది. ప్లేటు మందం మార్చినప్పుడల్లా ఈ లెక్క కొత్తగా వేసి నెగటివ్ తీసేవాళ్లకి రాసివ్వండి, ఫోన్లో చెప్పొద్దు.